కొత్త స్ట్రింగ్స్ వేశాక అడగండి

"అన్నా, దీన్ని ఉంచుకోవాల్నా, అమ్మేసి కొత్తది తీసుకోవాల్నా?"

బేస్ గిటార్ వాయించే కుర్రాళ్లు ఈ మాట అడిగితే నేను వెంటనే ఏమీ చెప్పను. "స్ట్రింగ్స్ ఎప్పుడు మార్చినవ్ తమ్మీ?" అని ఎదురు అడుగుతాను. చాలామందికి గుర్తుండదు. కొందరివి కొన్ననాటి స్ట్రింగ్సే. ఆ స్థితిలో ఉన్న వాద్యం గురించి తీర్పు చెప్పడం దానికి అన్యాయం, మీ జేబుకూ అన్యాయం.

ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. బేస్‌ను ముందు అది ఇవ్వగలిగినంత ఇచ్చే స్థితికి తెండి. ఆ తర్వాతే ఉంచుకోవాలా, మార్చాలా అని అడగండి. చాలామంది విషయంలో ఆ ప్రశ్న అక్కడే తీరిపోతుంది. కొందరి విషయంలో ఇంకా గట్టిగా నిలుస్తుంది. అలా నిలిచిన ప్రశ్నకే జవాబు వెతకాలి.

నేను చూసే బేసిస్టుల్లో ఎక్కువమంది మామిడిపల్లి చుట్టుపక్కలవాళ్లు. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం మొదలయ్యాక ఇటు పహాడీషరీఫ్ నుంచి శ్రీశైలం రోడ్డు దాకా బతుకుతెరువు మారిపోయింది. కార్గోలో, క్యాటరింగ్‌లో, గ్రౌండ్ హ్యాండ్లింగ్‌లో షిఫ్టులు చేస్తూ అద్దె గదుల్లో ఉండే కుర్రాళ్లలో వాయించేవాళ్లు ఉన్నారు. ఆదివారం పొద్దున చర్చిలో వాయిస్తారు. పెళ్లిళ్ల రోజుల్లో ఫంక్షన్ హాళ్లలో ఆర్కెస్ట్రాతో కూర్చుంటారు. వాళ్లకు బేస్ అలంకారం కాదు, రెండో జీతం. అందుకే ఈ నిర్ణయాన్ని నేను తేలిగ్గా తీసుకోను.

ముందుగా కొంచెం చరిత్ర తెలియాలి. 1951లో ప్రెసిషన్ బేస్‌ను తయారుచేసి అమ్మకానికి పెట్టిన లియో ఫెండర్ కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియోలు రిపేరు చేసేవాడు. ఆయనకు గిటార్ వాయించడం రాదు. కానీ ఏ భాగం ముందు పాడవుతుందో, దాన్ని ఎలా విప్పాలో ఆయన చేతులకు తెలుసు. అందుకే నెక్‌ను జిగురుతో అతికించకుండా నాలుగు స్క్రూలతో బిగించాడు. పికప్పులు, నాబులు, జాక్, బ్రిడ్జి అన్నీ విడివిడిగా ఊడి వస్తాయి. ఈ రోజు మార్కెట్లో దొరికే బేస్‌లలో పెద్ద భాగం ఇప్పటికీ ఆ పద్ధతిలోనే ఉన్నాయి. రిపేరు మనిషి ఆలోచనలోంచి పుట్టిన వాద్యం ఇది. ఒక భాగం అరిగితే మొత్తాన్ని వదిలేయాలన్నది దీని పుట్టుకలోనే లేదు.

కాబట్టి మొదటి పని స్ట్రింగ్స్. పాతబడ్డ స్ట్రింగ్స్‌లో చెమట, జిడ్డు, తుప్పు చేరి పై స్వరాల మెరుపు పోతుంది. అంతకంటే ముఖ్యం, శ్రుతి నిలవదు. పన్నెండో ఫ్రెట్ దగ్గర తేలిగ్గా తాకి తీసిన హార్మోనిక్ ఒక చోట, అదే ఫ్రెట్ నొక్కి తీసిన స్వరం ఇంకో చోట ఉంటే "గిటార్ తప్పు పలుకుతోంది" అంటారు. ఆ తప్పు స్ట్రింగ్‌ది కావచ్చు. కొత్తవి వేసి, నొక్కిన స్వరం ఇంకా ఎక్కువ పలుకుతుంటే బ్రిడ్జి మీది సాడిల్‌ను వెనక్కి జరపండి, తక్కువ పలుకుతుంటే ముందుకు. ట్యూనర్ యాప్, స్క్రూడ్రైవర్ చాలు.

దీనికి మినహాయింపు లేకపోలేదు. మోటౌన్ రికార్డుల వెనక బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ తన 1962 నాటి ప్రెసిషన్ బేస్ మీద ఫ్లాట్‌వౌండ్ స్ట్రింగ్స్ తెగితే తప్ప మార్చేవాడు కాదు. ఆ మొద్దు, గుండ్రని నాదమే ఆయనకు కావాలి. మీకూ అదే కావాలంటే ఉంచుకోండి. కానీ అది కావాలని ఉంచుకున్నారా, మార్చడానికి బద్ధకించి ఉంచుకున్నారా అన్నది మీకే తెలియాలి.

తర్వాత నెక్ వంపు. మన ఎండాకాలంలో గాలి ఎండిపోయి కలప కుంచించుకుంటుంది. ఫ్రెట్ల అంచులు పక్కలకు పొడుచుకొచ్చి చేతికి గీరుకుంటాయి. జూన్‌లో వానలు పడగానే అదే కలప తేమ పీల్చి ఉబ్బుతుంది. రేకుల గదుల్లో ఈ తేడా మరీ ఎక్కువ. మేలో గరగరలాడిన బేస్ ఆగస్టులో శుభ్రంగా పలకవచ్చు, నిన్నటిదాకా బాగున్నది వానల మొదటి వారంలో మొరాయించవచ్చు. ఋతువు మారే రోజుల్లో గిటార్ అమ్మకానికి పెట్టకండి. లావు స్ట్రింగ్‌ను ఒక చేత్తో మొదటి ఫ్రెట్ దగ్గర, ఇంకో చేత్తో చివరి ఫ్రెట్ దగ్గర నొక్కిపట్టి, ఏడో ఎనిమిదో ఫ్రెట్ మీద ఎంత సందు ఉందో పక్కనున్నవాళ్లను చూడమనండి. విజిటింగ్ కార్డు దూరేంత, అంటే మిల్లీమీటరులో మూడో వంతు దగ్గర ఉంటే మంచిది. ఎక్కువైతే నెక్ లోపలుండే ట్రస్ రాడ్ బిగించాలి, అసలు లేకపోతే వదులు చేయాలి. ఒక్కసారికి పావు చుట్టు, అంతే. తిప్పాక ఒక రోజు ఆగి మళ్లీ చూడండి. రాడ్ గట్టిగా మొరాయిస్తే బలం ప్రయోగించకుండా తెలిసినవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి. రాడ్ విరిగితే చిన్న ఖర్చు పెద్ద ఖర్చవుతుంది.

ఆపై కరెంటు సంగతులు. నాబ్ తిప్పితే బరబరమంటోందా? కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఇరవై ముప్పై సార్లు తిప్పితే చాలాసార్లు పోతుంది. పోకపోతే కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లండి. ఎలక్ట్రానిక్ విడిభాగాల కోసం నగరమంతా వెళ్లేది అక్కడికే. పాత పొటెన్షియోమీటర్ మీదున్న విలువ చూపించి అలాంటిదే తెచ్చుకుని, టంకం పెట్టడం వచ్చిన చేతికివ్వండి. కేబుల్ కదిపినప్పుడల్లా శబ్దం తెగిపోతుంటే జాక్ చూడండి. యాక్టివ్ బేస్ అయితే తొమ్మిది వోల్టుల బ్యాటరీని అనుమానించండి. కేబుల్ గుచ్చి ఉన్నంతసేపూ ఆ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. రిహార్సల్ అయ్యాక కేబుల్ తీయకుండా నిద్రపోయే అలవాటున్నవాళ్లు వారం తిరిగేసరికి "పికప్ పోయింది, చిరిగిన శబ్దం వస్తోంది" అని వస్తారు. కొత్త బ్యాటరీ వేయగానే పోయిందనుకున్న పికప్ తిరిగొస్తుంది.

హమ్మింగ్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఈ ఒక్క కారణంతో మంచి బేస్‌లు చేతులు మారుతున్నాయి. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. లావు స్ట్రింగ్ మీద మూడో ఫ్రెట్ నొక్కితే వచ్చే జి స్వరం 49 హెర్ట్జ్. అంటే గోడలోని కరెంటు మీ వాద్యం అడుగు స్వరాల మధ్యే కూర్చుని పాడుతోంది. మామూలు గిటార్ వాయించేవాడికి పక్కన వినిపించే చికాకు బేసిస్టుకు సొంత స్వరంలోనే కలిసిపోతుంది. మామిడిపల్లిలో 400 కేవీ సబ్‌స్టేషన్ ఉంది కాబట్టి దాని వల్లేనని కొందరు గట్టిగా నమ్ముతారు. నా మాట వినండి, దోషి మీ గదిలోనే ఉండే అవకాశం ఎక్కువ. ఫ్యాన్ రెగ్యులేటర్, చవక ఎల్‌ఈడీ లైటు, ఫోన్ చార్జర్, అన్నిటికంటే ముందు ఎర్తింగ్ లేని ప్లగ్గు. ఒక్కొక్కటీ ఆపి వినండి. కూర్చున్నచోటే పక్కకు తిరగండి. తిరిగితే హమ్ పెరిగి తగ్గుతుంటే పికప్ బయటి నుంచి దాన్ని పట్టుకుంటోందన్నమాట.

ప్రెసిషన్ తరహా బేస్‌కు 1957 నుంచి వస్తున్న రెండు ముక్కల పికప్ హమ్‌ను దానంతటదే రద్దు చేసుకుంటుంది. జాజ్ బేస్ తరహాలో రెండు పికప్పులుంటే రెండు వాల్యూములూ సమానంగా ఉన్నప్పుడు హమ్ తగ్గుతుంది, ఒకటి తగ్గించగానే తిరిగొస్తుంది. అది లోపం కాదు, దాని నడక. పికప్ గుంతలో రాగి రేకు అతికించి ఎర్త్ చేస్తే ఇంకొంత మేలు. ఒక హెచ్చరిక మాత్రం మరవొద్దు. స్ట్రింగ్స్ ముట్టుకుని మైకు తాకినప్పుడు చిన్న షాక్ కొడితే అది గిటార్ మార్చాల్సిన విషయం కాదు, ప్రాణాల మీదికొచ్చే విషయం. జనరేటర్ మీద నడిచే పెళ్లి స్టేజీ అయినా సరే, ఎర్తింగ్ సరిచేసేదాకా వాయించకండి.

ఇక ఫ్రెట్లు. రౌండ్‌వౌండ్ స్ట్రింగ్స్ రుద్దీ రుద్దీ మొదటి ఐదారు ఫ్రెట్ల మీద గుంటలు పడతాయి. "ఫ్రెట్లు పోయాయి, దీని పని అయిపోయింది" అనే మాట నాకు కష్టంగా అనిపిస్తుంది, ఎందుకంటే మన ఇళ్లలో వీణ ఉంది. వీణకు ఇరవై నాలుగు మెట్లూ మైనంలో కూర్చి ఉంటాయి. ఏళ్లు గడిచేకొద్దీ మెట్లు అరుగుతాయి, మైనం సడలుతుంది, స్వరస్థానాలు తప్పుతాయి. అప్పుడు వీణను ఎవరూ పారేయరు. మళ్లీ మైనం పోయించి, మెట్లు సరిచేయించి, స్వరం స్వరం చూసి కూర్పించుకుంటారు. బొబ్బిలిలో ఒకే పనస దుంగను తొలిచి చేసే ఏకాండి వీణ తరాలు మారుతూ వాడుకలో ఉంటుందంటే కారణం ఇదే. అరిగేది మెట్టు, నిలిచేది కొయ్య. బేస్‌కు కూడా ఫ్రెట్లను సమం చేసి గుండ్రంగా తీర్చే పని ఒకటి రెండు సార్లు చేయించుకోవచ్చు. ఆ తర్వాత ఫ్రెట్లే కొత్తవి వేయించవచ్చు. చాలా గిటార్ల ఫ్రెట్ బోర్డు మన అడవుల జిట్రేగి (రోజ్‌వుడ్) కలపే. ఆ కలప ఆయుష్షు దాని మీద బిగించిన తీగ ముక్క ఆయుష్షు కంటే చాలా ఎక్కువ.

నిజంగా చేయి దాటిన సందర్భాలూ ఉన్నాయి. నెక్ ఒక పక్కకు మెలి తిరిగిందా, ట్రస్ రాడ్ విరిగిందా, నెక్ శరీరంలోకి అతికి ఉండి హెడ్‌స్టాక్ దగ్గర పగిలిందా, అప్పుడు లెక్క వేసుకోవాలి. స్క్రూలతో బిగించిన నెక్ అయితే నెక్ ఒక్కటే మార్చుకోవచ్చు. రిపేరు మొత్తం అదే స్థాయి సెకండ్ హ్యాండ్ బేస్ ధరలో సగం దాటుతుంటే నేను వద్దంటాను. సగం లోపు ఉంటే చేయించమంటాను. ఇది నేను పెట్టుకున్న కొలత. మీకు వేరేది ఉంటే దానికే కట్టుబడండి, కానీ కొలత ఒకటంటూ ముందే రాసిపెట్టుకోండి. షాపులో మెరిసే కొత్తది చేతికొచ్చాక కొలతలు మారిపోతాయి.

ఇంత చేశాక కూడా ప్రశ్న నిలిచిందనుకుందాం. బేస్ చక్కగా ఉంది, శ్రుతిలో ఉంది, శబ్దాలు లేవు. అయినా మనసు ఆగడం లేదు. ఇప్పుడు అసలు ప్రశ్న వేసుకోండి: నా పాట అడుగుతున్నది ఈ వాద్యం ఇవ్వలేకపోతోందా?

ఈ ప్రశ్నకు మన తెలుగు నేల మీదే గొప్ప జవాబు ఉంది. 1969లో పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ ఆరేళ్ల వయసులో తండ్రి మాండలిన్ అందుకున్నాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజుకు మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడి వినిపిస్తే పిల్లవాడు దాన్ని తీగల మీదికి తెచ్చుకునేవాడు. 1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవంలో మొదటి కచేరీ చేశాడు. మామూలు మాండలిన్‌కు జంట తీగలుంటాయి, మీటిన స్వరం త్వరగా ఆరిపోతుంది. కర్ణాటక సంగీతానికి ఊపిరి గమకం. స్వరం నిలవాలి, వంగాలి, జారాలి. అందుకే ఆయన జంట తీగలు వదిలి ఒంటి తీగలతో, ఐదు తీగల ఎలక్ట్రిక్ మాండలిన్‌ను పట్టుకున్నాడు. లోకం ఆయన్ని మాండలిన్ శ్రీనివాస్ అనే పిలిచింది. ఆయన వాద్యాన్ని మార్చుకున్నది కొత్తదనం కోసం కాదు. ఆ మార్పు లేకపోతే ఆ రాగం ఆ తీగల మీద పలకదు. చేతిలోని వాద్యం అంచు ఎక్కడుందో వాయించి వాయించి తెలుసుకున్నాకే మార్పు వచ్చింది.

మీ అంచు ఎక్కడుందో చూసుకోండి. నాలుగు తీగల బేస్ అడుగు స్వరం ఇ, 41 హెర్ట్జ్. మీ చర్చిలో పాడే అక్క శ్రుతి డి అయితే, కింది డి కోసం ప్రతిసారీ పై స్థాయికి ఎక్కాల్సి వస్తుంటే, ఐదు తీగల బేస్ అడగడం న్యాయమే. దాని లావు బి తీగ దాదాపు 31 హెర్ట్జ్ దాకా దిగుతుంది. అలాంటి పాటలు మీ జాబితాలో ఒకటో రెండో ఉంటే మాత్రం లావు తీగను డి దాకా దింపి వాయించుకోవచ్చు, లక్షణంగా సరిపోతుంది. చౌరస్తా బ్యాండులా జానపదాన్ని రెగ్గే నడకలో వాయించాలని మీ ఆశ అయితే, రెగ్గేలో పాటను మోసేది బేసే. అక్కడ కావలసింది అడుగు నిండిన మొద్దు నాదం. దానికి మీ పాత బేస్ మీద ఫ్లాట్‌వౌండ్ స్ట్రింగ్స్ వేసి, టోన్ నాబ్ దింపితే చాలేమో చూడండి. మార్చాల్సింది గిటారా, యాంపా అన్నది కూడా ఈ దశలోనే తేల్చుకోవాలి. గదిలో చిన్న స్పీకరు మీద ఏ బేస్ అయినా పలచగానే వినిపిస్తుంది.

శరీరం చెప్పే మాటను మాత్రం వాదించకుండా వినండి. బేస్ బరువు సాధారణంగా నాలుగు కిలోల చుట్టూ ఉంటుంది, కొన్ని ఐదుకు దగ్గరవుతాయి. రాత్రంతా కార్గోలో బరువులెత్తి, తెల్లారి మూడు గంటలు భుజాన దాన్ని మోసి నిలబడితే నడుం ఒప్పుకోదు. వెడల్పాటి పట్టీ వేసి చూడండి. ఎడమ చేతి వేళ్లు తిమ్మిరెక్కుతుంటే, మణికట్టు రాత్రుళ్లు నొస్తుంటే డాక్టరుకు చూపించండి. మామూలు బేస్ తీగ పొడవు 34 అంగుళాలు. 30 అంగుళాల పొట్టి బేస్‌లూ ఉన్నాయి, వాటిని తక్కువ చూపు చూడకండి. చాలా బీటిల్స్ పాటల్లో పాల్ మాకార్ట్నీ చేతిలో పలికింది అలాంటి తేలికైన, పొట్టి హాఫ్‌నర్ బేసే. నొప్పి ఉందని వాద్యం మార్చేవాడు దానికి ద్రోహం చేసినట్టు కాదు. నొప్పి ఓర్చుకుంటూ వాయించేవాడు కొన్నాళ్లకు వాయించడమే మానేస్తాడు.

మాకార్ట్నీ పేరు వచ్చింది కాబట్టి ఇష్టం గురించీ చెప్తాను. ఆ హాఫ్‌నర్‌ను ఆయన 1961లో హాంబర్గ్‌లో దాదాపు 30 పౌండ్లకు కొన్నాడు. 1963లో రెండోది వచ్చింది. మొదటిదాన్ని వదిలించుకోలేదు, పక్కన ఉంచుకున్నాడు. 1972లో లండన్‌లో ఒక వ్యానులోంచి అది దొంగల పాలైంది. ఒక ఇంటి అటక మీద బయటపడి, యాభై ఏళ్లు దాటాక తిరిగి ఆయన్ని చేరిన సంగతి 2024లో లోకానికి తెలిసింది. ఎన్ని బేస్‌లైనా కొనగలిగిన మనిషికి ఆ ఒక్కటి ఎందుకు అని అడగాలని నాకు ఎప్పుడూ అనిపించలేదు. మొదటి జీతంతో కొన్న గిటార్, నాన్న చీటీ పాడి ఇప్పించిన గిటార్, మీ బొటనవేలు ఎక్కడ ఆనుతుందో తెలిసిన నెక్ ఇవన్నీ ఉంచుకోవడానికి చాలినంత కారణాలు. దానికి ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు. అయితే ఇంట్లో ఉంచుకోవడం వేరు, స్టేజీ ఎక్కించడం వేరు. పెళ్లివాళ్లు డబ్బిచ్చి పిలిచిన రాత్రి పని చేస్తుందో లేదో తెలియని వాద్యాన్ని ఇష్టం కొద్దీ తీసుకెళ్లకండి. అక్కడ మీతోపాటు పది మంది కష్టం ఉంటుంది.

కొత్తది చూడడానికి వెళ్లేటప్పుడు మీ పాత బేస్‌ను వెంట తీసుకెళ్లండి. షాపువాళ్లు ఏమీ అనుకోరు. ఒకే యాంపు, ఒకే వాల్యూము, రెంటికీ కొత్త స్ట్రింగ్స్ ఉంటే మరీ మంచిది. మీరు ప్రతి వారం వాయించే పాటనే రెంటి మీదా వాయించండి, ఒక స్నేహితుడు ఫోన్‌లో రికార్డు చేయాలి. ఏది ఏదో చెప్పకుండా రెండు మూడు రోజుల తర్వాత మీకు వినిపించాలి. మీరు ఎంచుకున్నది పాతదే అయితే డబ్బు మిగిలింది. కొత్తదే అయితే ఆ తేడాను మాటల్లో చెప్పి చూడండి. "అడుగు స్వరం ఎక్కువసేపు నిలుస్తోంది" అనగలిగితే అది కారణం. "ఏదో బాగుంది" దగ్గరే ఆగితే ఇంకో నెల ఆగండి. వాయిదాల్లో కొనేవాళ్లకు ఈ నెల మరీ అవసరం. ఇంట్లో మాట్లాడకుండా వాయిదా పెట్టకండి.

విమానాశ్రయం పక్కన ఉంటాం కాబట్టి ఈ ప్రశ్న ఇంకో రూపంలోనూ వస్తుంది. అమెరికాకో దుబాయికో వీసా వస్తుంది, గిటార్ ఏం చేయాలి? తీసుకెళ్లాలనుకుంటే లెక్క చూసుకోండి. చాలా విమాన సంస్థలు చెక్ ఇన్ పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 158 సెంటీమీటర్లు దాటితే అదనపు రుసుము అడుగుతాయి. బేస్ గట్టి పెట్టె ఒక్క పొడవే 120 దాకా ఉంటుంది, మిగతావి కలిపితే దాటిపోతుంది. నెక్ నాలుగు స్క్రూలతో ఉన్నదైతే విప్పి, బట్టల మధ్య చుట్టి పెద్ద సూట్‌కేసులో పెట్టుకునేవాళ్లూ ఉన్నారు. స్క్రూలు ఒక చిన్న సంచిలో వేసి నెక్‌కే కట్టండి. జిట్రేగి కలప ఉన్న వాద్యాలకు 2017లో వచ్చిన అంతర్జాతీయ అనుమతి పత్రాల నిబంధనను, తయారైన వాద్యాల వరకు 2019లో సడలించారు. బ్రెజిల్ రోజ్‌వుడ్‌కు మాత్రం ఆ సడలింపు లేదు. ఖరీదైన బేస్ అయితే వెళ్లేటప్పుడే కస్టమ్స్ దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోండి, తిరిగొచ్చేటప్పుడు సుంకం గొడవ ఉండదు.

వదిలి వెళ్లేవాళ్లు స్ట్రింగ్స్ పూర్తిగా తీసేయకండి. ఒక స్వరం దింపి ఉంచితే నెక్ నిలకడగా ఉంటుంది. బ్యాటరీ తీసేయండి, కారితే లోపల తుప్పు పడుతుంది. రేకుల కింద అటక మీద పెట్టొద్దు. అన్నిటికంటే మంచిది, వాయించే తమ్ముడికో చర్చి కుర్రాడికో వాడుకోమని ఇచ్చి వెళ్లండి. అమ్మేదీ ఇచ్చేదీ తిరిగొచ్చాక చూసుకోవచ్చు. ఇచ్చేటప్పుడు ఏ స్ట్రింగ్స్ వేశారో, ట్రస్ రాడ్ చివరిసారి ఎప్పుడు తిప్పారో ఒక చీటీ మీద రాసి కవర్ జేబులో పెట్టండి. ఎండలు ముదిరినప్పుడు, వానలు మొదలైనప్పుడు ఒకసారి ఫోన్ చేసి, వాయించి వినిపించమనండి.